లీ అనే ఇంటిపేరు, లోకం అనే మాట

మొన్న గ్రూపులో ఒక అక్క ఇలా అడిగారు: “మా అబ్బాయి అమెరికాలో, నార్త్ కరోలినాలో పనిచేసే ఆఫీసులో ఇద్దరు లీలు ఉన్నారట. ఒకాయనది కొరియా, ఇంకొకాయన తెల్లాయన. ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఎలా వచ్చింది? అసలు లీ అనేది ఎవరి పేరు?” దాని కింద చాలామంది “చైనా పేరే కదా, బ్రూస్ లీ లేడా” అని రాశారు. తెల్లవాళ్లు తూర్పు దేశాల నుంచి తెచ్చుకున్నారని కూడా కొందరన్నారు. అది నిజం కాదు. ఇంగ్లండులో లీ అనే ఇంటిపేరుకు ఎనిమిది వందల ఏళ్లు దాటాయి. అది అక్కడి అడవుల్లోనే పుట్టింది. ఒక్క కామెంటులో ఇమడదని విడిగా రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి. ఈ పేరు వెంట పోతే మన ‘లోకం’ దగ్గర తేలతాం.

పాత ఇంగ్లీషులో, అంటే సుమారు 1100కి ముందు మాట్లాడిన ఇంగ్లీషులో, ‘లేఅహ్’ అనే మాట ఉండేది. చివరి హకారాన్ని గొంతులోంచి గట్టిగా పలికేవాళ్లు. మొదట్లో దానికి అడవి అనే అర్థం. తర్వాత అడవి మధ్యలో చెట్లు లేని చోటుకు ఆ మాట వాడారు. ఇంకొంత కాలానికి పశువులు మేసే పచ్చిక బీడు అయింది. అడవి అన్న మాటే అడవి లేని చోటుకు పేరవడం విడ్డూరంగా అనిపిస్తుంది. కానీ నేల మీద జరిగింది కూడా అదే. జనం అడవి మధ్య ఇల్లు వేసుకున్నారు, చుట్టూ చెట్లు కొట్టారు, ఆవుల్ని తోలారు. చోటు మారలేదు కాబట్టి పేరూ మారలేదు, అర్థం మారింది.

దీన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పమంటే నేను ‘బయలు’ అంటాను. పోడు అనలేం, ఎందుకంటే పోడు అంటే సాగు చేసేది. లేఅహ్‌కు సాగుతో పని లేదు. చుట్టూ చెట్లు, మధ్యలో ఆకాశం కనిపించే జాగా ఉంటే చాలు.

ఇంగ్లండు ఊరిపేర్ల చివర ‘లీ’ రూపంలో ఈ మాట ఎంత విస్తారంగా ఉందంటే, ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్లు కూడా దాన్ని పలికే ఉంటారు. క్రికెట్ చూసేవాళ్లకు హెడింగ్లీ తెలుసు: హెడ్డె అనే మనిషి తాలూకు జనం ఉన్న బయలు. ఫుట్‌బాల్ వాళ్లకు వెంబ్లీ తెలుసు: వెంబా అనే మనిషి బయలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్కు ఉన్న ఊరు బ్లాకా అనే మనిషిది. ఓక్ చెట్లుంటే ఓక్లీ, యాష్ చెట్లుంటే ఆష్లీ, రాళ్లుంటే స్టాన్లీ, గోధుమ వేస్తే వీట్లీ, గొర్రెలు మేపితే షిప్లీ. బెంట్ అనే గట్టి గడ్డి మొలిస్తే బెంట్లీ. పడమటి దిక్కునుంటే వెస్లీ. ఈ పేర్లన్నీ ముందు ఊళ్లవి, ఆ తర్వాతే మనుషులవి. కారు మీద కనిపించే పేరు మనిషి నుంచి వచ్చింది, ఆ మనిషి ఇంటిపేరు ఊరి నుంచి వచ్చింది, ఆ ఊరి పేరు గడ్డి నుంచి వచ్చింది.

ఇవి దేశమంతా ఒకేలా లేవు. వారిక్‌షైర్ కౌంటీలో ఉత్తర భాగం ఆర్డెన్ అనే పాత అడవి ప్రాంతం. అక్కడ ‘లీ’తో ముగిసే ఊళ్లు కుప్పలుగా ఉన్నాయి. ఏవన్ నది దాటి దక్షిణాన ఫెల్డన్‌లోకి వెళితే అవి పలచబడి ‘టన్’తో ముగిసే ఊళ్లు పెరుగుతాయి. ఫెల్డన్ అంటేనే పొలాల నేల. ఊరిపేర్ల మీద జీవితకాలం పనిచేసిన మార్గరెట్ గెల్లింగ్ దీని గురించి ఒక మంచి మాట చెప్పారు: లేఅహ్ పేరున్న చోట, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వచ్చేనాటికే పాత అడవి ఉండేదని. అంటే ఊరిపేర్ల పటం పరిచి చూస్తే, ఇప్పుడు లేని అడవి ఒకప్పుడు ఎక్కడుండేదో పోల్చుకోవచ్చు. 1086లో విలియం రాజు చేయించిన భూముల సర్వేను బట్టి, అప్పటికి ఇంగ్లండులో అడవి సుమారు 15 శాతమే మిగిలిందని అడవుల చరిత్రకారుడు ఆలివర్ రాకమ్ అంచనా వేశాడు. మనం ఊహించుకునే దట్టమైన మధ్యయుగపు అడవి అప్పటికే చాలా చోట్ల లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి.

ఇక ఇంటిపేరు సంగతి. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చాక జాన్, విలియం, రాబర్ట్ లాంటి కొద్ది పేర్లే ఊరంతా పెట్టుకునేవాళ్లు. పన్నులు రాసుకునే గుమాస్తాకి ఏ జానో తెలియాలి. అందుకని తండ్రి పేరో, పనో, రూపమో, ఉండే చోటో పక్కన చేర్చేవాడు. బయలు దగ్గర ఉండే జాన్ ‘జాన్ అట్టె లీ’ అయ్యాడు. ‘అట్టె’ అంటే ఆ కాలపు ఇంగ్లీషులో ‘దగ్గర’, ‘వద్ద’ అని. లాటిన్‌లోనో ఫ్రెంచిలోనో రాసే గుమాస్తా అయితే ‘డె లా లీ’ అని రాసేవాడు. సుమారు 1400 నాటికి దేశంలో ఎక్కువ భాగం ఈ గుర్తులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. ‘అట్టె’ క్రమంగా రాలిపోయి, ఒట్టి లీ మిగిలింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఊళ్లో అందరూ బయలులోనే ఉంటే ‘బయలు దగ్గరి జాన్’ అనడంలో అర్థం లేదు. ఊళ్లో ఒకరిద్దరికే వర్తించే గుర్తయితేనే అది పేరుగా పనికొస్తుంది. కాబట్టి లీ అనే మనిషి తరచుగా ఊరి అంచున, అడవి వైపు ఉన్నవాడై ఉండాలి. లేదంటే లీ అనే పేరున్న ఊరి నుంచి వేరే ఊరికి వలస వచ్చినవాడై ఉండాలి. ఆ పేరున్న ఊళ్లు ఇంగ్లండులో డజన్ల కొద్దీ ఉన్నాయి. ఈ కారణంగానే ఇంగ్లీషు లీలందరికీ మూలపురుషుడు ఒక్కడు కాడు. బయలున్న ప్రతి మూలా ఈ పేరు విడివిడిగా పుట్టింది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారు.

‘అట్టె’ రాలిపోకుండా అంటుకుపోయిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్లలో ఒకరి పేరు మన చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం: క్లెమెంట్ అట్లీ. 1945 నుంచి 1951 దాకా బ్రిటన్ ప్రధాని. 1948 జూన్ లోగా భారతదేశానికి అధికారం అప్పగిస్తామని 1947 ఫిబ్రవరి 20న పార్లమెంటులో ప్రకటించిన మనిషి. ఆయన ఇంటిపేరు అచ్చంగా ‘అట్టె లీ’, బయలు దగ్గర. వాళ్ల కుటుంబం సర్రే కౌంటీలో డోర్కింగ్ ప్రాంతానిది, అది అడవులకు పేరుపడిన చోటు. చర్చిల్ ఇంటిపేరులోని ‘హిల్’ అందరికీ కనిపిస్తుంది. అట్లీలో బయలు ఉందని మాత్రం ఎవరూ అనుకోరు.

అచ్చుతో మొదలయ్యే మాటల దగ్గర ఈ ‘అట్టె’ ‘అట్టెన్’గా ఉండేది. మన ద్రుతంలాగా ఆ నకారం పక్క మాటకు అంటుకుపోయింది. ‘అట్టెన్ యాష్’, అంటే యాష్ చెట్టు దగ్గర, విడదీసేటప్పుడు ‘అట్టె నాష్’ అయింది. నాష్ అనే ఇంటిపేరు అలా పుట్టింది. ‘అట్టెన్ ఓక్స్’ నోక్స్ అయింది. సంధి విడదీయడంలో తేడా వస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!

ఇప్పుడు అక్క అడిగిన ప్రశ్నకు. అమెరికా 2010 జనగణనలో లీ అనే ఇంటిపేరున్నవాళ్లు 6,93,023 మంది. దేశంలో 21వ స్థానం. 2000లో 6,05,860 మంది, అప్పుడు 22వ స్థానం. ఆ లెక్కను జాతుల వారీగా చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 2000లో లీలలో తెల్లవాళ్లు సుమారు 40 శాతం, ఆసియా మూలాలవాళ్లు 38 శాతం, నల్లవాళ్లు 17 శాతం. 2010కి ఆసియావాళ్లు 42 శాతమై ముందుకు వచ్చారు, తెల్లవాళ్లు 36కి తగ్గారు, నల్లవాళ్లు 16. జాబితాలో మాత్రం అందరిదీ ఒకే వరుస, ఒకే స్థానం. జనగణన లెక్కపెట్టేది స్పెల్లింగుని, వంశాన్ని కాదు. ‘లీ అమెరికాలో 21వ పేరు’ అని ఎక్కడైనా చదివితే, ఆ ఒక్క స్థానంలో కనీసం మూడు నాలుగు వేర్వేరు పేర్లు కలిసిపోయి ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి.

అవేంటంటే, చైనా లీకి మూలమైన అక్షరానికి ప్లమ్ చెట్టు అని అర్థం. చైనాలో ఆ ఇంటిపేరున్నవాళ్లు సుమారు పది కోట్ల మంది. ఇప్పటి చైనా పద్ధతిలో దాన్ని ఎల్, ఐ అని రెండక్షరాలతో రాస్తారు. హాంకాంగ్, సింగపూర్ వైపు వాళ్లు, చాలా కాలం కిందటే వలస వెళ్లినవాళ్లు ఎల్ పక్కన రెండు ఈలు పెడతారు. అందుకే బ్రూస్ లీ, సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ ఇంగ్లీషు లీల వరుసలో చేరిపోయారు. కొరియాలోనూ అదే ప్లమ్ చెట్టు అక్షరం. 2015 లెక్క ప్రకారం దక్షిణ కొరియాలో ఆ ఇంటిపేరు సుమారు 73 లక్షల మందికి ఉంది, కిమ్ తర్వాత రెండో స్థానం. దక్షిణ కొరియావాళ్లు దాన్ని ‘ఈ’ అనే పలుకుతారు, లకారం ఇంగ్లీషు రాతలోనే కనిపిస్తుంది. ఐర్లండులో ఇంకొకటి ఉంది. ఐరిష్‌లో పద్యానికి ఉన్న మాట నుంచి వచ్చిన ఇంటిపేరును ఇంగ్లీషు చేసేటప్పుడు లీ అని రాశారు. బయలు, ప్లమ్ చెట్టు, పద్యం. మూడింటికీ ఒకే స్పెల్లింగు.

నల్లవాళ్ల లీ సంగతి మామూలుగా అందరూ దాటేస్తారు, నేను దాటలేను. వర్జీనియాలో లీ కుటుంబం పెద్ద భూస్వాముల కుటుంబం. మూలపురుషుడు రిచర్డ్ లీ 1639 ప్రాంతంలో ఇంగ్లండు నుంచి వచ్చాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో అన్నదమ్ములు ఒకే ఒక జంట, రిచర్డ్ హెన్రీ లీ, ఫ్రాన్సిస్ లైట్‌ఫుట్ లీ. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలను నడిపిన రాబర్ట్ లీ కూడా ఆ కుటుంబమే. దక్షిణాదిలో బానిసత్వం పోయాక, విముక్తులైనవాళ్లకు ప్రభుత్వ కాగితాల్లో ఇంటిపేరు కావాల్సి వచ్చింది. కొందరికి పాత యజమాని పేరే మిగిలింది, కొందరు తమకు నచ్చినది ఎంచుకున్నారు. సినిమా దర్శకుడు స్పైక్ లీ లాంటివాళ్ల ఇంటిపేరులో ఇంగ్లండు బయలు ఉన్నమాట నిజమే, కానీ అది వాళ్లకు చేరిన దారి అంత తేలికైనది కాదు. పేరు ఎక్కడ పుట్టిందో చెప్పి ఊరుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు.

కింద వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

“లోకం దగ్గర తేలతాం అన్నారు, తేలనేలేదు” అని ఒక తమ్ముడు.

వస్తున్నా తమ్ముడూ. పాత ఇంగ్లీషు లేఅహ్, లాటిన్ ‘లూకుస్’ (దేవుడి తోపు), లిథువేనియా భాషలో పొలం అనే అర్థమున్న ‘లౌకస్’, సంస్కృతం ‘లోక’, ఈ నాలుగూ ఒకే మాట నుంచి చీలినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అన్నింటికీ మూలం ‘వెలుగు’ అనే అర్థమున్న ధాతువు. అడవిలో చెట్లు లేని చోట వెలుగు పడుతుంది, అందుకని ఆ చోటుకు ఆ పేరు. లాటిన్ లక్స్, ఇంగ్లీషు లైట్, సంస్కృతంలో కాంతి అనే అర్థమున్న ‘రుచి’, కన్ను అనే అర్థమున్న ‘లోచనం’, అన్నీ ఆ ఇంటివే. వేదకాలపు సంస్కృతంలో లోక అంటే ఇంకా ప్రపంచం కాదు, ఖాళీ జాగా, చోటు, బయలు. ప్రపంచం అనే అర్థం తర్వాత స్థిరపడింది. తెలుగులోకి వచ్చాక ఇంకో అడుగు వేసి జనం అయింది. ‘లోకం ఏమనుకుంటుంది’ అన్నప్పుడు మనం అనేది ఇరుగుపొరుగునే. ‘లోకులు పలుగాకులు’ అన్నదీ అంతే. ఇంగ్లండులో అదే మాట పశువుల బీడై, చివరికి ఒక ఇంటిపేరైంది.

“వినడానికి ఒకేలా ఉన్నాయని కలిపేస్తున్నారు. అలాగైతే మన ‘పల్లె’లో ‘లె’, వాళ్ల ‘లీ’ కూడా ఒకటే అనొచ్చు” అని ఒక అన్న అభ్యంతరం చెప్పారు.

అన్నా, మీ అనుమానం సరైన అనుమానం. ఒకేలా వినిపిస్తే చాలదు. నిజానికి లోక, లేఅహ్ ఒకేలా వినిపించవు కూడా. వాటిని కలిపేది ధ్వనుల లెక్క. సంస్కృతంలో ‘ఓ’ ఉన్నచోట పాత ఇంగ్లీషులో ‘ఏఅ’ రావడం ఇక్కడొక్కచోటే కాదు. లోహం అనే మాటకు మొదటి అర్థం ఎర్రని లోహం, రాగి. దాని ఇంగ్లీషు చుట్టం ‘రెడ్’, పాత రూపం ‘రేఅద్’. సంస్కృతంలో కకారం ఉన్నచోట జర్మానిక్ భాషల్లో హకారం రావడం కూడా నియమమే. పచ్చి మాంసాన్ని క్రవ్యం అంటారు, క్రవ్యాదులంటే రాక్షసులు. దాని చుట్టం ఇంగ్లీషులో పచ్చిది అనే అర్థమున్న ‘రా’, పాత రూపం ‘హ్రేఅవ్’. ‘లోహ’కు ‘రేఅద్’ ఎలాగో, ‘క్రవ్య’కు ‘హ్రేఅవ్’ ఎలాగో, ‘లోక’కు ‘లేఅహ్’ అలాగే. ఇలాంటి లెక్క ‘పల్లె’కు కుదరదు. పల్లె ద్రావిడ మాట, అందులో ‘లె’ విడిగా ఊడివచ్చే ముక్క కాదు.

సంస్కృతం చెప్పే ఒక మాస్టారు ఋగ్వేద మంత్రం పెట్టారు: “ఆరవ మండలం, 47వ సూక్తం, 8వ మంత్రం చూడండి. ‘ఉరుం నో లోకమను నేషి విద్వాన్ స్వర్వజ్జ్యోతిరభయం స్వస్తి.’ ఇంద్రుణ్ణి అడుగుతున్నారు, మమ్మల్ని విశాలమైన లోకానికి నడిపించు, వెలుగుకు, భయం లేని చోటుకు అని.”

మాస్టారూ, మీకు నమస్కారం. దీనికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు. ఇక్కడ లోకాన్ని ప్రపంచం అని చదివితే మంత్రం చప్పబడిపోతుంది. అడవులూ ఇరుకు దారులూ దాటుతూ పశువులతో నడిచే జనం కోరుకునేది విశాలమైన బయలు, దాని మీద పడే వెలుగు. ‘ఉరు లోకం’ అంటే వెడల్పాటి బయలు. ఇంగ్లీషు ఊరిపేర్లలో అదే అర్థంతో ఒకటుంది: బ్రాడ్లీ. ‘బ్రాడ్’ వెడల్పు, ‘లీ’ బయలు. ఉరు, బ్రాడ్ చుట్టాలు కావు, కానీ లోకం, లీ చుట్టాలే. బ్రాడ్లీ అనే పేరు విన్నప్పుడల్లా ఇక నాకు మీ మంత్రమే వినబడుతుంది. షర్లీ అనే పేరూ ఇలాంటిదే, దాని అర్థం వెలుగున్న బయలు.

“మరి లీ, లీయ్, లే ఇన్ని స్పెల్లింగులెందుకు?” అని ఒక చెల్లెమ్మ.

పాత మాటకు విభక్తి రూపాలుండేవి. ‘బయలు వద్ద’ అనేటప్పుడు రూపం ‘లేఅగె’ అయ్యేది. దాన్నుంచి ఒక పలుకుబడి, ప్రథమావిభక్తి నుంచి ఒక పలుకుబడి వచ్చాయి. పైగా ఊరికో యాస, గుమాస్తాకో రాత. రెండు ఈలతో ఒకటి, ‘ఈఏ’తో ఒకటి, చివర ‘ఈఐజీహెచ్’తో ఒకటి. ఆ ‘జీహెచ్’ పాత హకారం వదిలిన గుర్తు, ఇప్పుడు పలకరు. సర్రేలో ఆ రాతతో ఉన్న ఊరిని ‘లై’ అంటారు, మాంచెస్టర్ దగ్గర అదే రాత ఉన్న ఊరిని ‘లీ’ అంటారు. డార్జిలింగ్‌లో 1913లో పుట్టిన నటి వివియన్ లీ వాడింది ఈ ‘జీహెచ్’ రాతనే. అది ఆమె పుట్టింటి పేరు కాదు, భర్త పేరులో మధ్య ముక్క. పుట్టింటి పేరు హార్ట్లీ, దుప్పుల బయలు. పేరు మార్చుకున్నా బయలు దాటలేదు.

“మన ఆర్థర్ కాటన్ దొర పేరుకు పత్తితో సంబంధం ఉందా?” అని గోదావరి జిల్లా నుంచి ఒక బాబాయి.

బాబాయ్, ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండనుకుంటున్నాను. పత్తితో సంబంధం లేదు. పత్తికి వాడే ఇంగ్లీషు మాట అరబ్బీ నుంచి వచ్చింది. దొర ఇంటిపేరు పాత ఇంగ్లీషులో ‘కోటుం’, అంటే ‘గుడిసెల వద్ద’. గుడిసెకు ఏకవచనం ‘కోట్’, కాటేజీ అన్నదీ ఆ మాట నుంచే. ఇదీ మనిషి ఉన్న చోటును చెప్పే పేరే, లీకి తోబుట్టువు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర తండ్రి పేరు హెన్రీ కాల్వ్‌లీ కాటన్. కాల్వ్‌లీ చెషైర్‌లో ఊరు, దానర్థం దూడలు మేసే బయలు. దూడల బయలు, గుడిసెల వాడ, రెండూ ఆ తండ్రి పేరులోనే ఉన్నాయి. ఇంకొకటి. పైన చెప్పిన వర్జీనియా లీ కుటుంబం, తమది ష్రాప్‌షైర్‌లోని కోటన్ హాల్ లీల వంశమని చాలాకాలం చెప్పుకుంది. ఆ కోటన్, మన కాటన్ ఒకే మాట.

“దత్తమండలాల వెల్లెస్లీ కూడా ఈ లెక్కలోనే వస్తాడా?” అని కడప నుంచి ఒక అన్న.

వస్తాడు. వెల్లెస్లీ సోమర్సెట్‌లో వెల్స్ పట్టణం పక్కన బయలు. రిచర్డ్ వెల్లెస్లీ గవర్నర్ జనరల్‌గా ఉండగానే 1800 ఒప్పందంలో నిజాం బళ్లారి, అనంతపురం, కడప వైపు సీమను కంపెనీకి ఇచ్చేశాడు. ఆయనా, తమ్ముడు ఆర్థరూ పుట్టినప్పుడు రాసుకున్న ఇంటిపేరు వెస్లీ. తర్వాత పాత రూపమని వెల్లెస్లీకి మార్చుకున్నారు. ఆ తమ్ముడే 1815లో నెపోలియన్‌ని వాటర్లూలో ఓడించాడు. వాటర్లూలోని ‘లూ’ డచ్చి భాషలో తోపుకూ బయలుకూ ఉన్న మాట, లేఅహ్‌కు సొంత చుట్టం. వెల్లెస్లీలో ఉన్న మాటే వాటర్లూలోనూ ఉందన్నమాట.

“మా ఇంట్లో వెస్లీ ఉన్నాడు, వాడి పేరుకీ ఇదే అర్థమా?” అని మెదక్ నుంచి ఒక అమ్మ.

అవునమ్మా. మీ వైపు ఆ పేరు వ్యాపించింది మెథడిస్టు మిషన్ వల్ల. జాన్ వెస్లీ ఆ సంఘానికి మూలపురుషుడు, 1703లో పుట్టాడు. మిషన్ బళ్లూ ఆస్పత్రులూ నడిచిన ఊళ్లలో ఆయన ఇంటిపేరు మన పిల్లల పేరైంది. స్టాన్లీ, షర్లీ, ఆష్లీ కూడా మన క్రైస్తవ కుటుంబాల్లో బాగా వినబడతాయి. ఇంగ్లండులో ఊరిపేరు ఇంటిపేరైంది, తెలుగు నేల మీదికి వచ్చాక ఇంటిపేరు పిలిచే పేరైంది. మీ వాడి పేరుకు అర్థం పడమటి బయలు. వాడికి చెప్పండి, సంతోషిస్తాడు.

“మన ఇంటిపేర్లలో ఇలాంటివి లేవా?” అని ఇద్దరు ముగ్గురు అడిగారు.

ఎందుకు లేవు? అడివి, కొండా, తోట లాంటివి అచ్చంగా ఇవే. అడివి బాపిరాజు గారి ఇంటిపేరును ఇంగ్లీషులోకి మారిస్తే ‘వుడ్’ అవుతుంది, కొండా వెంకటప్పయ్య గారిది ‘హిల్’ అవుతుంది. కానీ మన దగ్గర ఊరిపేరు మీద వచ్చిన ఇంటిపేర్లే చాలా ఎక్కువ. దాని మీద విడిగా ఇంకో చర్చ మొదలుపెడదాం, దీన్లో కలిపితే రెండూ చెడతాయి.

“ఇంతకీ మా అబ్బాయి ఆఫీసులో తెల్లాయన ఏ లీ?” అని మొదట అడిగిన అక్కే మళ్లీ.

అక్కా, పేరు చూసి చెప్పలేం. నార్త్ కరోలినా అన్నారు కాబట్టి ఇంగ్లీషు లీ అయ్యే అవకాశం ఎక్కువ, ఐరిష్ లీ కూడా కావచ్చు. వాళ్ల ముత్తాతలు ఏ రేవులో దిగారో, అంతకుముందు ఏ కౌంటీ నుంచి వచ్చారో కుటుంబంలో పెద్దవాళ్లను అడగమనండి. చర్చి రికార్డులో పాత రాత దొరికితే ఇంకా మంచిది. కొరియా ఆయనకు ఈ తిప్పలు తక్కువ. కొరియా లీలకు ఏ ఊరి శాఖో తెలిపే మూలస్థానం ఇంటిపేరుతో పాటే ఉంటుంది, మన గోత్రం చెప్పుకున్నట్టు ఆయన చెప్పేయగలడు.

చివరగా “బెవర్లీ హిల్స్‌లో బెవర్లీ కూడా బయలేనా?” అన్న ప్రశ్నకు: కాదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ తూర్పున ఉన్న బెవర్లీ పేరులో మొదటి ముక్క బీవర్ అనే నీటి జంతువు, రెండోది వాగుకు సంబంధించిన మాట. తర్వాతి కాలంలో రాత మారి మిగతా లీల వరుసలో కలిసిపోయింది. ‘లీ’తో ముగిసిందని ప్రతి పేరునీ ఈ ఖాతాలో వేయొద్దు. ఆ పేరుకు దొరికే అతి పాత రాత చూసే నిర్ణయించాలి.